సత్యం అటక మీద పాలపంపు గొట్టం

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కురిడీ సత్యం పేరు వినని వ్యాపారి లేడు. వినలేదని ఎవరైనా అంటే ఆయన కొబ్బరి వ్యాపారి కాదు, నిద్రలో బస్సు దిగేసిన మనిషి అనుకోవాలి. కురిడీ అంటే తెలియనివాళ్లు లోకంలో ఎక్కడో ఒకచోట ఉంటారు కాబట్టి చెప్పక తప్పదు. ముదిరిన కొబ్బరికాయను పైనున్న పీచు డొక్క తీయకుండా అటకెక్కించి, నెలల తరబడి అక్కడే ఉంచితే లోపలి నీళ్లు ఇగిరిపోతాయి. కొబ్బరి ఎండి, చిప్పను వదిలేసి, బంతిలా విడిపోతుంది. ఊపితే గలగలమంటుంది. అదే కురిడీ. కాయ దానంతటదే ఎండుతుంటే మనిషి చేసేదేముందని ఎవరికైనా అనిపించొచ్చు. ఆ మాట సత్యం ఎదురుగా అన్నవాడు మటుకు పొద్దు గూకేదాకా కదలలేడు. అటక ఏ ఎత్తులో ఉండాలి, గాలి ఏ వైపు నుంచి రావాలి, ఏ కాయ పక్కన ఏ కాయ కూర్చోకూడదు, అన్నీ విని, తలనొప్పి బిళ్ల వేసుకుని మరీ వెళ్లాలి.

కాయను చెవి దగ్గర పెట్టుకుని ఒక్క ఊపు ఊపి, "ఇంకా గుక్కెడుందండి" అనేవాడు. పగలగొట్టి చూస్తే గుక్కెడే ఉండేది. ఈ విద్య మీద ఊళ్లో కథలు పుట్టాయి. సత్యం ఊపితే కాయలో నీళ్లు భయంతో ఆవిరైపోతాయని ఒకరన్నారు. గోదావరి లంకలన్నీ మునిగిన వరదలో కూడా ఆయన అటక మీది కాయలకు దాహమేసిందని ఇంకొకరన్నారు. ఆ వరదలోనే నానిపోయిన పడవనొకదాన్ని అటకెక్కిస్తే మర్నాటికి చితుకులైపోయిందన్న కథ మాత్రం సత్యం స్వయంగా పుట్టించినదే. ఎదుటివాడు నమ్మకపోతే ఆ పడవ పేరు కూడా చెప్పేవాడు. పేరు మటుకు చెప్పిన ప్రతిసారీ మారేది.

అలాంటి మనిషి ఇంట్లోకి, తడి అన్నది తన గుమ్మం తొక్కదని నమ్మిన ఇంట్లోకి, తడే వచ్చింది. అది వచ్చిన చప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ వినపడలేదు.

సత్యం కూతురు సాయిదుర్గ తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. నెలలు నిండకుండానే, ఇంకా సీమంతం గాజులు చేతికి అలవాటు పడకుండానే నొప్పులొచ్చాయి. అమలాపురం తల్లీపిల్లల ఆసుపత్రిలో కోత కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. సత్యం అరచేతికన్నా కాస్త పెద్దది, అంతే. అద్దాల గది బయట నిలబడి, లోపల వెచ్చని పెట్టెలో కదులుతున్న ఆ నలుసును చూసి, "మన బొండాం అంత బరువైనా లేదే" అన్నాడు. పక్కనున్న భార్య కామేశ్వరిని నవ్విద్దామని అన్న మాట అది. కామేశ్వరి నవ్వలేదు. అన్నవాడికీ నవ్వు రాలేదు.

పిల్లకు చప్పరించే శక్తి లేదు. తల్లి పాలు పంపుతో తీసి, ముక్కులోంచి వేసిన దారమంత సన్నని గొట్టం ద్వారా చుక్కచుక్కగా కడుపులోకి పంపాలి. అంత చిన్న పిల్లకు అంతకు మించిన మందు లేదని డాక్టరుగారన్నారు. సాయిదుర్గకేమో కుట్లు చీము పట్టాయి. జ్వరం తగ్గాక, మంచం దిగొద్దని చెప్పి ఇంటికి పంపారు. ఆసుపత్రిలో తల్లుల గదిలో కుర్చీలున్నాయి గానీ మంచాల్లేవు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే అల్లుడు క్రాంతికుమార్ కరెంటు పంపు కొనిచ్చి, సెలవు అయిపోయి వెళ్లాడు. ఇంటి దగ్గర తీసిన పాలు ఐసు డబ్బాలో పెట్టుకుని పొద్దునా సాయంత్రం స్కూటరు మీద ఆసుపత్రికి చేర్చే పని సత్యానిది.

ఆ పనితో ఆయన ఊరుకుంటే బావుండేది.

పిల్లల గదిలో పెద్ద నర్సు ఎలీసమ్మ. రాజోలు మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం కత్తిపీట. పంపు సామాను బల్ల మీద పరిచి, "ఇది ఎవరు కడుగుతారండీ?" అని అడిగింది.

"నేనేనండి" అన్నాడు సత్యం.

"మీరా బాబాయిగారూ?"

"ఆయ్. ఇంట్లో ఎవరికీ ముట్టనివ్వనండి. మా ఆవిడ పాలగిన్నె కడిగితే మర్నాడు దాంట్లో పెరుగు తోడుకుంటుందండి."

"ఆయన కడిగితే గిన్నే ఉండదండి సిస్టరుగారూ, ఊళ్లోవాళ్లకి చూపించడానికి పట్టుకుపోతారు" అంది కామేశ్వరి.

ఎలీసమ్మ నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్క ముక్క చేతికి తీసుకుంది. "ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాలు తీసిన వెంటనే ఈ గరాటు, ఈ సీసా, ఈ చిన్న రబ్బరు మూత, అన్నీ విడదీసెయ్యాలి. అంట్ల తొట్లో పడెయ్యకూడదండి. వీటికంటూ ఒక బేసిను, ఒక బ్రష్షు ఉండాలి, వేరే దేనికీ వాడకూడదు. సబ్బు నీళ్లతో కడిగి, కుళాయి కింద జాడించి, రోజూ ఒకసారి నీళ్లలో మరిగించండి. తర్వాత ఉతికిన గుడ్డ మీద విడివిడిగా పెట్టి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడవకండి. గుడ్డలో ఉన్నదంతా వీటికి అంటుకుంటుంది."

"మరి మెషీనుకి తగిలించే ఈ సన్న గొట్టమో?"

"దాంట్లో పాలు నడవవండి, గాలే నడుస్తుంది. పాలు లోపలికెళ్తే తప్ప దాన్ని తడపొద్దు. తడిస్తే ఓ పట్టాన ఆరదు. లోపల చెమ్మ కనిపిస్తే గొట్టాన్ని మెషీనుకి తగిలించి కాసేపు ఒట్టినే తిప్పండి, గాలికి ఆరిపోతుంది. అయినా మరకలేమైనా కనిపిస్తే పారేసి కొత్తది కొనుక్కోండి. బూజు పట్టిన గొట్టం గాలి పాల మీదికి వస్తుంది."

"ఆరబెట్టడం నాకు చెప్తున్నారా అమ్మా? ఓసారి అంబాజీపేటలో అడగండి, సత్యం అంటే ఎవరో."

"అంతదూరం వెళ్లి అడిగొచ్చే తీరిక మీ మనవరాలికి లేదండి" అంది ఎలీసమ్మ. ఈసారి నవ్వలేదు. పెట్టె వైపు చూసింది.

కడగడంలో సత్యానికి వంక పెట్టడానికి లేదు. అమలాపురంలో కొత్త బేసిను కొన్నాడు. దాని మీద కాకి నీడ పడినా మళ్లీ కడిగాడు. పక్కింటివాళ్లు పలకరించడానికొచ్చి బేసిను వైపు చూస్తే, చూపు తగిలిందని ఇంకోసారి కడిగాడు. చేతులు తోమి తోమి, వేళ్ల మీద ముద్రలు అరిగిపోయాయని, ఇక బ్యాంకులో వేలిముద్ర పడదని వీధిలో చెప్పుకున్నాడు. గరాటు తళతళలాడేది. సీసా తళతళలాడేది. గొట్టం ఒక్కటే ఆయన కంట్లో నలుసైంది.

"అన్నీ కడిగి దీన్ని వదిలెయ్యడమేంటే?" అన్నాడు కామేశ్వరితో. "ఇల్లంతా కడిగి గుమ్మం దగ్గర ఆపేసినట్టు."

"వద్దన్నారు కదండీ ఆవిడ?"

"ఆవిడ అందరికీ చెప్పేది చెప్పేరు. అందరికీ ఆరదు. మనకి ఆరుతుంది."

అలా మొదటి రోజు నుంచే గొట్టంలోకి నీళ్లు పోసి కడిగాడు. పోసినవి అటు కొస నుంచి కారిపోయాయి. కారిపోయినవన్నీ పోయినట్టే అనుకున్నాడు.

ఆ ఏడు వాన ఆగలేదు. ఆగితే కదా మళ్లీ మొదలవడానికి. కాలవ రోడ్డెక్కింది. ఉప్పు జాడీలో ఉప్పు నీరయింది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడి వచ్చేది గానీ అంటుకునేది కాదు. తలుపులు ఉబ్బి, వేసినవి తెరుచుకోలేదు, తీసినవి మూతపడలేదు. వసారాలో గుడ్డ మీద పరిచిన పంపు సామాను మధ్యాహ్నానికి కూడా పరిచినప్పటిలాగే నీళ్లోడుతూ ఉండేది. చదువుకున్నవాళ్లు దీన్ని గాలిలో తేమ శాతం అంటారు. ఊళ్లో చెమ్మ అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా అది పిలవకుండానే వచ్చింది.

"ఇంట్లో ఆరని వస్తువుకి మన ఇంట్లో ఒక చోటుంది" అన్నాడు సత్యం. నిచ్చెన వేశాడు.

వెనకగది మీద వెదురు తడికెల అటక. పెంకులకు చేతి దూరంలో, మూలల దాకా పేర్చిన కాయలు. వాటి మధ్య మనిషి బోర్లా పాకేంత సందు. అక్కడ ఉతికిన గుడ్డ పరిచిన బుట్టలో గరాటు, సీసాలు, రబ్బరు మూతలు పెట్టాడు. దుమ్ము పడకుండా పైన ఇంకో గుడ్డ కప్పాడు. గొట్టాన్ని చుట్టగా చుట్టి, కొత్త పురికొసతో దూలానికి వేలాడదీశాడు. దిగి వచ్చి చేతులు దులుపుకుంటుంటే, కామేశ్వరి నిచ్చెన కింద నిలబడి ఉంది.

"ఈ ఏడు పొగ వెయ్యలేదు కదండీ అటక్కి?"

ప్రతి ఏడూ వానలు పడగానే అటక కింద ఇనప మూకుడులో కొబ్బరి డొక్కలు రాజేసి సన్నగా పొగ పెట్టడం ఆ ఇంటి అలవాటు. పొగే అటకను కాపాడేది. ఈసారి పక్క గదిలో పచ్చి బాలింత ఉంది. పొగకు దగ్గొస్తే కుట్లు పిగులుతాయని కామేశ్వరి వద్దంది. సత్యం మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. కూతురు ముఖ్యం, కాయలు కాదు అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

"పొగ కాయలకే. జానెడు గొట్టానికి పొగేంటే?" అన్నాడు ఇప్పుడు.

"జానెడు కాదు కదండీ, బారెడుంది."

"బారెడైతే బారెడు. పడవనే ఎండబెట్టినవాణ్ణి."

కామేశ్వరి ఇంకేం అనలేదు. పడవ జోలికొచ్చాక ఆవిడ ఎప్పుడూ ఏమీ అనేది కాదు.

మొదట్లో అంతా బాగానే సాగింది. సాయిదుర్గ దిళ్ల మీద చేరగిలబడి పంపు తగిలించుకునేది. మెషీను గుర్రుగుర్రుమని ఊపిరి తీసేది. పిల్ల ఫొటో ఫోనులో పెట్టుకుని దాని వంకే చూస్తూ పాలు తీసేది. ఒక్కోసారి సీసా అడుగు కూడా తడవకపోతే ఏడ్చేది. ఏడుస్తూనే మళ్లీ తగిలించుకునేది. ఆ పాలు సత్యం ఐసు డబ్బాలో పెట్టుకుని, దాని మీద రెయిన్‌కోటు కప్పి, తను తడుస్తూ వెళ్లేవాడు. పిల్లకు పాలు పెంచేమని ఎలీసమ్మ చెప్పేది. ఇంటికొచ్చి సత్యం ఆ మాటను దారంతా పెంచి చెప్పేవాడు. "మన పిల్ల పక్క పెట్టెలో పిల్లాడి పాలు కూడా లాక్కుని తాగేస్తోందంట. ఆ తాతగారు నా మీద కేసు పెడతానంటున్నాడు" అనేవాడు. సాయిదుర్గ పొట్ట పట్టుకుని, "నవ్వించకు నాన్నా, కుట్లు" అనేది.

ఒక పొద్దున సాయిదుర్గే గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి చూసింది.

"నాన్నా, లోపల చుక్కలు కనిపిస్తున్నాయి."

"అవి చుక్కలు కాదమ్మడూ, వెలుతురు."

"వెలుతురు కదుల్తుందా?"

"కిటికీ బయట కొబ్బరాకు కదుల్తోంది."

"మెషీను కాసేపు ఒట్టినే తిప్పమన్నారంట కదా? అమ్మ చెప్పింది."

"ఒట్టినే తిప్పితే మోటారు కాలిపోతుందమ్మా. మన పొలం మోటారు అలాగే కదా పోయింది? నీళ్లు లేకుండా తిప్పేడు పాలేరు, భగ్గుమంది. నువ్వు పడుకో. మధ్యాహ్నానికి దీన్ని ఎండుగడ్డిలా చేసి ఇస్తాను."

గొట్టాన్ని మళ్లీ కడిగి, మళ్లీ అటకెక్కించాడు.

ఆ రోజు కాయలు తిప్పుతూ అలవాటుగా ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగల రాలేదు. గుక్కెడు చప్పుడూ రాలేదు. లోపల ఏదో మెత్తగా జారి, అవతలి గోడకు అంటుకున్నట్టయింది. ఇంకోటి ఊపాడు. అదీ అంతే. ఆ చప్పుడు ఆయన బతుకులో ఎప్పుడూ విననిదేం కాదు. చెడ్డ అటకల్లో విన్నాడు, పక్కవాళ్ల అటకల్లో విన్నాడు, విని నవ్వాడు. తన అటక మీద వినడం ఇదే. కాయను ఎక్కణ్ణించి తీశాడో అక్కడే పెట్టేశాడు, తొడిమ వైపు గోడకు తిప్పి. ఒక వాసన కూడా తగిలింది. పులిసిన తౌడులాంటి వాసన. వానకు అన్నీ వాసనేస్తాయిలే అనుకున్నాడు. అటక మీద ఎప్పుడూ బారులు తీరే చీమలు కనిపించలేదు. అదీ మంచికే అనుకున్నాడు. గరాటు మీద చేయి వేస్తే జిడ్డుగా తగిలింది. ఆ జిడ్డు తన చేతిదని చెప్పుకున్నాడు. ఇన్ని అనుకోవడానికి మనిషికి ఎంత బలం కావాలి! ఆ బలం సత్యం దగ్గర చాలా ఉంది.

కిందికి దిగాక కామేశ్వరి, "ఎలా ఉన్నాయండీ కాయలు?" అంది.

"గలగలా నవ్వుతున్నాయి" అన్నాడు.

తర్వాత ఒక పొద్దున ఆసుపత్రిలో ఐసు డబ్బా ఇవ్వబోతే ఎలీసమ్మ అందుకోలేదు.

"ఇవాళ పాలొద్దండి బాబాయిగారూ."

"ఏం, నిన్నటివి మిగిలిపోయేయా?" సత్యం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ముఖం మీద ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయింది.

"పాపకి తెల్లారగట్ల నుంచి పొట్ట ఉబ్బిందండి. వేసిన పాలు అరగట్లేదు, పచ్చగా వెనక్కి వస్తున్నాయి. డాక్టరుగారు పాలు ఆపేసి సెలైను పెట్టేరు. రక్తం పరీక్షకి పంపించేం."

అద్దం లోంచి చూశాడు. పిల్ల కాళ్లు చేతులు పుల్లల్లా అలాగే ఉన్నాయి. పొట్ట ఒక్కటీ ఆ ఒంటిది కానట్టుంది. బిగుసుకుని నిగనిగలాడుతోంది.

"దేనికొచ్చిందంటారండీ?"

"ఇంత చిన్నపిల్లలకి ఊరికే కూడా వస్తుందండి. దేనివల్లయినా రావచ్చు." ఎలీసమ్మ ఐసు డబ్బా వంక చూసింది. "ఇంటి దగ్గర పంపు సామానంతా ఓసారి తెచ్చి చూపించండి. కడగొద్దు. ఎలా ఉన్నది అలాగే తెండి. ఆరబెట్టేది ఎక్కడండీ?"

"అటక మీదండి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే సత్యానికి కొంచెం తేలిగ్గా ఉండేది.

స్కూటరు ఎలా నడిపాడో తెలియదు. వాన ముఖాన కొడుతోంది. కాలవగట్టు మీద ఎవరో "ఏవండోయ్ సత్యంగారూ, మనవరాలు ఎలా ఉందండీ?" అని అరిస్తే, జవాబు చెప్పకుండా పోయాడు. సత్యం జవాబు చెప్పకుండా పోవడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

తడి బట్టలతోనే అటకెక్కాడు. ఫోనులో లైటు వేసి, దూలానికి వేలాడుతున్న గొట్టం పక్కన పెట్టాడు. చుట్ట మధ్యలో, వంపు దగ్గర, లోపలి గోడకు నల్లగా మిరియాల పొడి చల్లినట్టుంది. గొట్టాన్ని తిప్పాడు. పొడి కదల్లేదు. దాని పక్కన నీటి బొట్లు వరసగా నిలబడి ఉన్నాయి. వేలితో మీటితే ఒకదాన్నొకటి తాకి, కలిసి, ఆ నలుపు మీదుగా జారాయి. బుట్ట మీద కప్పిన గుడ్డ పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంది.

లైటు కాయల మీదికి తిప్పాడు. వెనక వరసల్లో డొక్కల మీద బూడిదరంగు నూగు లేచింది. ముసలి పిల్లి వీపులా ఉంది. ఒకదాన్ని నొక్కితే వేలు దిగబడింది.

అప్పుడు తెలిసింది ఆయనకు. తెలియడమేమిటి, ఎప్పుడూ తెలిసిందే, ఇవాళ తన వైపు తిరిగింది. ఇన్ని వందల కాయలు గుక్కెడు గుక్కెడుగా వదిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి? అటక గాలిలోకే పోతాయి. ఏటా ఆ గాలిని పొగ తరిమేది. ఈ ఏడు తరిమేదేమీ లేక అది అక్కడే పడుకుంది. ఆ గాలి మధ్యలో, గుడ్డ కప్పి మరీ, పసిదాని సామాను పెట్టాడు.

కింద వంటింట్లో కాగు నీళ్లు మరుగుతున్న చప్పుడు వినిపించింది. కాసింత ఉప్పు వేసి, గొట్టంలో పోసి, సన్న తీగ తోస్తే ఆ నలుపు పోతుంది. పోకపోయినా పలచబడుతుంది. ఎలా ఉన్నదలాగే తెచ్చానని చెప్పొచ్చు. కాయ ఊపి గుక్కెడు లెక్క చెప్పే చేతిని ఎవరు అనుమానిస్తారు? అలా అనుకుంటూ నిచ్చెన సగం దిగాడు.

"నాన్నా, వచ్చేవా?" పక్క గదిలోంచి సాయిదుర్గ పిలిచింది. "గొట్టం ఇలా ఇవ్వు. టైము దాటిపోయింది, పాలు గడ్డ కట్టేస్తున్నాయి. పాప ఏం చేస్తోంది?"

సత్యం గుమ్మంలో నిలబడ్డాడు. గొట్టం వెనక్కి పెట్టుకున్నాడు.

"కరెంటు లేదమ్మా."

సాయిదుర్గ తల పైకెత్తి చూసింది. ఫ్యాను తిరుగుతోంది.

"నాన్నా?"

ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే వెయ్యి కథల్లో ఒక్కటీ కదల్లేదు. చెయ్యి ముందుకు తెచ్చి గొట్టం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తింది. చాలాసేపు చూసింది. బయట కొబ్బరాకు కదలడం లేదు.

"పొద్దున్న పంపించినవి దీంతోనే తీసేను" అంది.

"ఆయ్."

"నిన్నటివి కూడా?"

"పాపకి పొట్ట ఉబ్బిందమ్మా. పాలు ఆపేసేరు. అటక చెమ్మెక్కిపోయింది. నాకు... కాయ ఊపినప్పుడే తెలిసింది. మీ అమ్మకి చెప్పలేదు."

వంటింట్లోంచి వచ్చిన కామేశ్వరి గుమ్మం పట్టుకుని ఉండిపోయింది. సాయిదుర్గ కుట్ల మీద అరచెయ్యి అదిమి పెట్టుకుని మంచం దిగింది. "ఆటో పిలు అమ్మా" అంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు గొట్టాన్ని లైటు కింద పెట్టి చూశారు. డాక్టరమ్మ అరుస్తారని సత్యం కాచుకుని ఉన్నాడు. ఆవిడ అరవలేదు.

"ఇదే కారణమని నేను చెప్పలేనండి. నెలలు నిండని పిల్లల్లో పొట్ట ఉబ్బడం దీనితో పని లేకుండా కూడా వస్తుంది. కానీ ఇది చూశాక కాదని కూడా చెప్పలేను." గొట్టాన్ని కవరులో వేసి ముడేశారు. "ఈ సెట్టు మళ్లీ వాడకండి. దీంతో తీసిన పాలు ఎక్కడున్నా పారబొయ్యండి."

ఫ్రిజ్‌లో సాయిదుర్గ పేరు రాసిన సీసాలు వరసగా ఉన్నాయి. ఎలీసమ్మ ఒక్కొక్కటే మూత తీసి తొట్లో వంపింది. ఏడ్చి తీసినవి, నవ్వాపుకుని తీసినవి, మూతల కింద అన్నీ ఒకేలా ఉన్నాయి. సాయిదుర్గ అక్కడే నిలబడి చివరి సీసా దాకా చూసింది. సత్యం చూడలేకపోయాడు.

కొత్త సెట్టు కోసం అల్లుడికి కబురు వెళ్లింది. అది వచ్చేదాకా పాలు చేత్తో పిండి తీయడం ఎలాగో ఎలీసమ్మ నేర్పింది. "పాలు ఆరిపోకూడదమ్మా. పాపకి మళ్లీ మొదలెట్టిన రోజున నీ దగ్గర ఉండాలి కదా" అంది. కామేశ్వరి మరిగించిన స్టీలు గిన్నెలు కూతురికి అందించింది. తల్లుల గదిలో కుర్చీలోనే, కుట్ల మీద తువ్వాలు మడిచి పెట్టుకుని, సాయిదుర్గ కూర్చుంది. ఇంటికి పొమ్మంటే పోలేదు.

సత్యాన్ని ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. వరండా బెంచీ మీద కూర్చున్నాడు. పిల్లకు మందులెక్కించారు. పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచారు, మళ్లీ కొలిచారు. ఎలీసమ్మ బయటికొచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికెళ్లేది. బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయన, పక్క పెట్టె పిల్లాడి తాతగారు, మాట కలపాలని చూశాడు.

"తమరేం చేస్తుంటారండీ?"

"కాయలండి" అన్నాడు సత్యం.

పెద్దాయన ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు.

కామేశ్వరి మధ్యలో ఒకసారి ఇంటికెళ్లి వచ్చింది. "అటక మీది కాయలన్నీ కిందికి తోయించేసేను. పెరడంతా కంపు" అంది. ఇంకో మాట కూడా ఆవిడ నాలిక మీద ఉన్నట్టు సత్యానికి అనిపించింది. ఆవిడ దాన్ని మింగేసి, గిన్నెలు పట్టుకుని లోపలికెళ్లింది.

ఆ మర్నాడు, ఆ పై రోజూ అలాగే గడిచాయి. వాన తెరిపిచ్చి మళ్లీ పట్టుకుంది. పాప పొట్ట మెత్తబడిందని ఒక పొద్దున డాక్టరుగారన్నారు. పరీక్షలో ఏదో ఉందనీ, మందులు ఇంకా ఎక్కించాలనీ కూడా అన్నారు. "ఇవాళ కాసిని పాలు వేసి చూద్దాం. నిలిస్తే నిలిచినట్టు. నిలవకపోతే మళ్లీ మొదటికి."

సాయిదుర్గ చేత్తో తీసిన పాలు ఒక మూతెడు లోపలికెళ్లాయి. సత్యం అద్దం దగ్గరికి వెళ్లలేదు. బెంచీ మీద కూర్చుని గచ్చు వంక చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపో. అద్దాల తలుపు తీసిన చప్పుడైంది.

"నిలిచేయండి" అంది ఎలీసమ్మ. "వెనక్కి రాలేదు. వచ్చే పూటకి ఇంకాస్త కావాలి. అమ్మాయికి చెప్తారా?"

సత్యం తల్లుల గది దాకా వెళ్లి, కర్టెన్ ఇవతలే ఆగాడు. లోపల గిన్నె చప్పుడు వినిపించింది.

"పాలు నిలిచేయంటమ్మా" అన్నాడు. మళ్లీ అన్నాడు. "నిలిచేయంట. వచ్చే పూటకి ఇంకాస్త కావాలంట."

లోపల చప్పుడు ఆగింది. సాయిదుర్గ గొంతు వచ్చింది. ఆ ఇంటి గుమ్మం దాటాక తండ్రితో ఆమె అన్న మొదటి మాట అది.

"ఇంకాస్త అంటే ఎంతంట నాన్నా? కనుక్కుని రా."

ఆయన గబగబా వెనక్కి నడిచాడు. సగం దూరంలో ఉండగా అద్దాల గదిలో ఒక మెషీను కీచుమని కూయడం మొదలెట్టింది. నడక పరుగైంది. ఎలీసమ్మ పెట్టెల మధ్య నుంచి వెళ్తోంది. సత్యం అద్దానికి ముఖం ఆనించాడు. ఆవిడ వాళ్ల పెట్టె దాటి పక్క పెట్టె మీద వంగింది. వెనక నుంచి పెద్దాయన కూడా పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన శ్వాసకు అద్దం మసకబారింది.

సత్యం తన పెట్టె వంకే చూశాడు. గోరంత మెత్తని పొట్ట లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఏం అడగడానికి వచ్చాడో ఆయనకు గుర్తు రాలేదు.

"నాన్నా," వరండా అవతలి నుంచి పిలుపు వచ్చింది, "ఎంతంట?"